అక్క చేసిన ప్రమాణం

అక్క పెనిమిటి పోయిన మరుసటి ఏడు నాకు ఆ ఊరి బోర్డు స్కూల్లో అయ్యవారి పని వచ్చింది. పుల్లలచెరువు నుంచి నల్లమల వైపు పోయే బండిదారిలో ఉంటుంది ఆ ఊరు. అప్పట్లో మాది కర్నూలు జిల్లా. నాతోపాటు ట్రైనింగు ముగించినవాళ్ళందరూ కంభమో గిద్దలూరో దొరికితే బాగుండునని చూసేవాళ్ళు, అక్కడైతే రైలు ఉంటుంది గనుక. నేను మాత్రం అడిగి మరీ ఆ అడవి అంచు ఊరికి వేయించుకున్నాను. అక్క ఒంటరిదైపోయింది, చిన్న పిల్లవాడున్నాడు, మగతోడు ఒకటి ఉంటే మంచిదని మా నాయన అన్నాడు. అక్క ఇంట్లోనే ఉండి బడికి పోయి వచ్చేవాణ్ణి.

మేనల్లుడు నా బడిలోనే చదివేవాడు. ఇంట్లో మామా అని పిలిచేవాడు. బడి గడప తొక్కగానే అయ్యవారూ అనేవాడు, అని నా ముఖంలోకి చూసి నవ్వు దాచుకునేవాడు. లెక్కలు అంతంత మాత్రం. కానీ ఏ పాఠం చెప్పినా దానికి అవతల ఏముందో అడిగేవాడు. వాళ్ళ నాయన పోలిక అని అక్క మురిసిపోయేది.

అక్కకు ఉన్న ఆధారం ఒక్క బావి చేను. ఆ ఊరి పొలాలన్నీ వానను నమ్ముకున్నవే. జొన్న, కొర్ర, ఆముదం వేసి ఆకాశం వైపు చూడడమే. ఈ చేనులో బావి ఉంది. నడి వేసవిలో కూడా మోట తోలితే నీళ్ళు వచ్చేవి. అక్క మామగారు పోయినప్పుడు అన్నదమ్ములిద్దరూ ఊరిపెద్దలను ఇద్దరిని పంచలో కూర్చోబెట్టుకొని నోటిమాటగా పంచుకున్నారు. పెద్దాయనకు విస్తీర్ణం ఎక్కువున్న మెట్ట చేలు, చిన్నవాడైన మా బావకు బావి చేను. కాగితం రాసుకోలేదు. ఆ ఊరిలో ఎవరూ రాసుకునేవాళ్ళు కాదు. మా బావ బతికి ఉన్నన్నాళ్ళు ఆ సంగతి మీద ఒక్క మాట రాలేదు. ఆయన పోయిన తర్వాత, పంపకం చేసిన పెద్దలు కూడా ఒకరి వెనుక ఒకరు వెళ్ళిపోయిన తర్వాత, పెద్దబావ మార్కాపురం కోర్టులో దావా వేసినాడు. బావి చేను తన భాగానికే వచ్చిందనీ, తమ్ముడి మీద జాలితో దున్నుకోమని వదిలినాననీ అందులో రాయించినాడు.

పెద్దబావ అంటే చెడ్డ మనిషి అని ఊళ్ళో ఎవరూ అనేవాళ్ళు కాదు. కార్తీకమాసమంతా ఒంటిపూట ఉండేవాడు. ఎవరింట చావు జరిగినా ముందు వచ్చి నిలబడేవాడు. అక్క ఎప్పుడూ ఆయన ఎదుట పడి మాట్లాడేది కాదు. తలుపు చాటున నిలబడి, బావా అని మెల్లగా ఒక మాట అనేది. దావా కాగితం ఇంటికి వచ్చిన రోజున కూడా ఆయనను తిట్టలేదు. "ఆయన మరిచిపోయినాడేమో తమ్ముడా" అనింది.

ఆ రోజుల్లో పై తరగతి పిల్లలకు పౌరధర్మాలని ఒక పాఠం ఉండేది. పంచాయితీ అంటే ఏంది, జిల్లా బోర్డు అంటే ఏంది, కోర్టు ఏం చేస్తుంది, ఇట్లాంటివి. ఆ పాఠమంటే నాకు చాలా ఇష్టం. ట్రైనింగులో మాకు చెప్పిన ఒక మాస్టారు, ఈ పాఠం సరిగ్గా నేర్చుకున్న పిల్లవాడు పెద్దయ్యాక ఎవరి ముందూ చేతులు కట్టుకొని నిలబడడు అనేవాడు. ఆ మాట నా మనసుకు పట్టింది. కోర్టు పాఠం చెప్పేటప్పుడు, సాక్ష్యాలు విని, రెండు పక్షాల మాటలూ తూచి, జడ్జి నిజం తేలుస్తాడని చెప్పినాను. మేనల్లుడు చేయి ఎత్తినాడు.

"అయ్యవారూ, సాక్షులు చచ్చిపోయింటే?"

"ఉన్నవాళ్ళను అడుగుతారు."

"ఉన్నవాళ్ళిద్దరే అయితే, ఇద్దరూ రెండు రకాలుగా చెప్తే?"

వాడు తన ఇంటి సంగతే అడుగుతున్నాడని నాకు తెలుసు. జడ్జి చదువుకున్నవాడు, ఎవరు నిజం చెప్తున్నారో కనిపెడతాడు అని చెప్పినాను. వాడు తల ఊపినాడు గానీ, నమ్మినట్టు నాకు కనిపించలేదు.

వాయిదాకు మార్కాపురం పోవాలంటే త్రిపురాంతకం దాకా బండి, అక్కడినుంచి బస్సు. యుద్ధం రోజులు. పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచేవి. ఎక్కడ మిట్ట వస్తే అక్కడ దిగి అందరం తోసేవాళ్ళం. అక్క ముసుగు కప్పుకొని, కొడుకును పక్కన పెట్టుకొని కూర్చునేది. మొదటి వాయిదాలు ఊరికే గడిచిపోయినాయి. ఒక వాయిదా నాడు పెద్దబావ ప్లీడరు లేచి ఒక మాట అన్నాడు. ప్రతివాది, అంటే మా అక్క, త్రిపురాంతకం కొండ మీద స్వామి ముందు, కొడుకు తల మీద చేయి పెట్టి, కర్పూరం ఆర్పి, బావి చేను తన పెనిమిటి భాగానికే వచ్చిందని ప్రమాణం చేస్తే, మా క్లయింటు దావా వదులుకుంటాడు అన్నాడు.

అట్ల అడిగేదానికి అప్పటి చట్టంలో వీలుండేది. ఎదుటివాళ్ళు గుళ్ళో ప్రమాణం చేస్తే దానికి కట్టుబడి ఉంటామని ఒక పక్షం ఒప్పుకుంటే, ఆ ప్రమాణమే తీర్పు. మళ్ళీ సాక్ష్యాలు అక్కరలేదు. మా ప్లీడరు మమ్మల్ని వరండాలోకి పిలుచుకొనిపోయి చెప్పినాడు.

"అమ్మా, ఇది ఎత్తు. ఒక్క కొడుకున్న తల్లి నిజానికైనా సరే ప్రమాణం చెయ్యదని వాళ్ళ ధైర్యం. నువ్వు చెయ్యనంటే, చెయ్యనన్న సంగతి జడ్జిగారు రాసుకుంటారు. అంతకంటే ఏం లేదు. కేసు సాక్ష్యాల మీద నడుస్తుంది. కష్టమే, కాని నడుస్తుంది."

"చెయ్యననే చెప్పు అక్కా" అన్నాను నేను. "కోర్టు ఉన్నది ఎందుకు? నిజం తేల్చే పని వాళ్ళది. దేవుని దగ్గరికి దాన్ని ఎందుకు తీసకపోవాల?"

అక్క ముసుగు సర్దుకొని కొడుకు వైపు చూసింది. తర్వాత, "నేను చెయ్యనంటే ఊరు ఏమనుకుంటుంది?" అనింది. "అబద్ధం గనుక భయపడింది అనుకోదా? వీడు రేపు పెద్దయి ఆ చేను దున్నితే, మీ అమ్మ ప్రమాణానికి వెనక్కి తగ్గింది అని వీణ్ణి అనరా? నిజం చెప్పేదానికి నాకు భయమెందుకు తమ్ముడా?"

లోపలికి పోయి ఒప్పుకుంది. అప్పుడు జడ్జిగారు కాగితం మీద ఒక మాట కొట్టేసినారు. కొడుకు తల మీద చేయి పెట్టడం కుదరదు అన్నారు. "ప్రమాణం చేసేవాళ్ళకే తగలాలి. దాన్ని ఇంకొకరి మీద పెట్టేందుకు చట్టం ఒప్పుకోదు." స్నానం చేసి, తడిబట్టలతో, స్వామి ఎదుట కర్పూరం ఆర్పితే చాలునని ఆర్డరు రాసి, దగ్గరుండి చేయించేందుకు ఒక ప్లీడరును కమిషనరుగా వేసినారు.

ఆ మాట విన్నప్పుడు నాకు గుండె నిండినట్టయింది. ఎక్కడో కూర్చొని చట్టం రాసినవాళ్ళకు, ఒక తల్లి చేతి కింద ఉండే పిల్లవాడి తల గుర్తొచ్చిందే అనిపించింది. మరుసటి రోజు బడిలో పిల్లలకు కూడా చెప్పినాను. ఇదీ చట్టమంటే, ఒకరు అన్న మాటకు ఇంకొకరిని బలి చెయ్యనివ్వదు అని. మేనల్లుడు ఆ రోజు ఏ ప్రశ్నా అడగలేదు. తన గురించి చట్టంలో ఉందని గర్వంగా కూర్చున్నాడు.

ప్రమాణం నాడు పొద్దున్నే రెండు బండ్లు కట్టుకొని త్రిపురాంతకం పోయినాం. ఒకదాంట్లో మేము, ఇంకొకదాంట్లో పెద్దబావ, ఆయన తరఫు పెద్దమనుషులు. పెద్దబావ దారిపొడుగునా మావైపు చూస్తూనే ఉన్నాడు. అక్క బండి దిగి, ఇంక చాలు, ఇంటికి పోదాం అంటుందని ఆయన ఎదురు చూస్తున్నట్టుండింది. అక్క దిగింది. స్నానం చేసింది. తడి చీర ఒంటికి అంటుకొని, వణుకుతూ మెట్లెక్కింది. ఆమె ఎక్కే కొద్దీ పెద్దబావ ముఖంలో నెత్తురు తగ్గుతూ వచ్చింది. ఆ ముఖం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఆమె చెప్పబోయేది నిజమని ఆ కొండ మీద ఆమె తర్వాత తెలిసిన మనిషి ఆయన ఒక్కడే.

పూజారి పళ్ళెంలో కర్పూరం వెలిగించినాడు. కమిషనరు ఆర్డరు చదివి వినిపించినాడు. అప్పుడు పెద్దమనుషుల్లో ఒకాయన అడ్డం వచ్చినాడు.

"కొడుకు తల ముట్టకుండా చేసేది అదేం ప్రమాణం? ఊరు ఒప్పుకోదు."

"ఆర్డరులో లేదు" అన్నాడు కమిషనరు. "కోర్టు వద్దనింది."

"కోర్టుకేం, ఊళ్ళో ఉండేది మేము గదా."

అక్క ఆయన వైపు చూసింది. పెద్దబావ వైపు చూడలేదు. తర్వాత వెనక్కి తిరిగి, "ఇట్ల రా నాయనా" అని కొడుకును పిలిచింది. నేను వాడి చేయి పట్టుకున్నాను.

"వద్దక్కా. అక్కరలేదని చట్టమే చెప్పింది."

"వదులు తమ్ముడా" అనింది. గొంతు చాలా నిమ్మళంగా ఉండింది. "చట్టం చెప్పింది వాళ్ళ కోసం. ఊరికి నేను చెప్పుకోవాల గదా. రేపు ఎవరూ ఏ మాటా మిగిలించుకోకూడదు."

వాడే నా చేతిలోనుంచి చేయి విడిపించుకొని పోయి వాళ్ళ అమ్మ పక్కన నిలబడినాడు. భయం లేదు వాడికి. ఎడమ చేయి వాడి తల మీద పెట్టి, మా మామగారి ఆస్తి పంపకాల్లో బావి చేను నా పెనిమిటి భాగానికి వచ్చింది, ఇది నిజం అని చెప్పి, కుడి అరచేత్తో కర్పూరం ఆర్పింది. కాలిన అరచేయి వెనక్కి తీసుకోవడంలో కూడా తొందర పడలేదు. కమిషనరు తాను రాయవలసింది రాసుకున్నాడు. తల మీద చేయి పెట్టిన సంగతి ఆయన రాయలేదు. ఆర్డరులో లేనిది ఆయన చూడనట్టే.

దావా కొట్టేసినారు. చేను అక్కదే అని తేలింది. ఊరు మాత్రం తేల్చలేదు. మా పక్క ప్రమాణం చేసినవాళ్ళకు ఒక మండలం, అంటే నలభై రోజుల లోపల కీడు జరిగితే అది అబద్ధమని లెక్క. ఆ మండలం రోజులూ ఎవరు కనిపించినా, "పిల్లాడు బాగుండాడా?" అని అడిగేవాళ్ళు. మంచి మనసుతో అడిగేవాళ్ళు కొందరు. ఎదురు చూస్తూ అడిగేవాళ్ళు కొందరు. వాడు దగ్గితే చాలు, అక్క చేస్తున్న పని ఆపి వినేది. బడిలో కూడా తోటి పిల్లలు వాడిని వేరుగా చూసేవాళ్ళు. ఒకరోజు వాడు ఇంటికి వచ్చి, "మామా, నేను చచ్చిపోతే అమ్మ అబద్ధం చెప్పినట్టా?" అని అడిగినాడు. కాదు అని చెప్పినాను. "కోర్టు అట్ల ఒప్పుకోదు గదా" అన్నాడు వాడు. ఒప్పుకోదు అన్నాను.

మండలం గడిచింది. వాడికి తలనొప్పి కూడా రాలేదు. అక్క పొంగలి వండి ఇంటింటికీ పంచింది. పెద్దబావ ఇంటికీ పంపింది. వాళ్ళు తీసుకున్నారు. ఇక అయిపోయిందనుకున్నాం.

వానలు పడినాక చలిజ్వరాలు మొదలైనాయి. అడవి అంచు ఊళ్ళకు అది ప్రతి ఏడూ వచ్చే బాధే, కాని ఆ ఏడు మరీ ఎక్కువ. ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు దుప్పటి కప్పుకొని వణుకుతుండేవాళ్ళు. యుద్ధం వల్ల క్వినైను దొరకడం లేదు. నేను పుల్లలచెరువు పోయి అడిగినాను, లేదన్నారు. అడవిలోనుంచి వచ్చి తేనె అమ్ముకునే ఒక చెంచు ముసలాయన ఏదో చెక్క ఇచ్చి కషాయం కాచి పొయ్యమన్నాడు. పోసినాం. మేనల్లుడికి జ్వరం వచ్చి పోయి, మళ్ళీ వచ్చి, ఈసారి తలకెక్కింది. మాట తడబడింది. బండి కట్టి మార్కాపురం ఆసుపత్రికి బయలుదేరినాం. దారిలో వంక నిండుగా పారుతుంటే, అది తగ్గేదాకా ఒడ్డునే ఆగవలసి వచ్చింది. నీళ్ళు తగ్గినాయి. అప్పటికి వాడు లేడు. నడిమధ్యాహ్నం, ఎండ కాస్తున్నది. బండి వెనక్కి తిప్పినాం.

ఆ జ్వరానికి ఆ ఊళ్ళో ఇంకా పిల్లలు పోయినారు. వాళ్ళందరూ జ్వరంతో పోయినారు. మా పిల్లవాడు ఒక్కడే ప్రమాణంతో పోయినాడు. మండలం ఎప్పుడో దాటిపోయింది గదా అని నేను ఒకాయనతో అంటే, "దేవుడికి మన లెక్కలుంటాయా అయ్యవారూ" అన్నాడు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. మా పిల్లవాడిని పూడ్చేందుకు గుంత తవ్వినవాళ్ళలో ఆయన ఒకడు.

ఊరు అనుకున్నది నేను తట్టుకునేవాణ్ణేమో. అక్క కూడా అట్లనే అనుకుంటుందని తెలిసినప్పుడు మాత్రం తట్టుకోలేకపోయినాను. కర్మ అయిపోయిన తర్వాత ఒకరోజు పొయ్యి దగ్గర కూర్చొని, ఉన్నట్టుండి అడిగింది.

"తమ్ముడా, ఆ పొద్దు పంపకం జరిగినప్పుడు నేను గడప లోపల ఉన్నాను. వాళ్ళు బావి చేను అన్నారా? బావికి కింది పక్కనుండే మెట్ట చేను అన్నారా?"

"బావి చేనే అక్కా. అన్నేండ్లు బావ దున్నినాడు గదా, పెద్దబావ కూడా ఏమీ అనలేదు గదా."

"అది సరే. నేను విన్నది ఏంది అని. నా చెవికి ఏమన్నా తప్పు వినిపించిందేమో. నేను తప్పుగా విని, నిజమనుకొని చెప్పినానేమో. చెప్పింది తప్పని నాకు తెలియకపోయినా, ఆయనకు తెలుసు గదా."

ఆయన అంటే దేవుడు. ఎన్ని విధాలుగా చెప్పినా వినలేదు. ప్రతిరోజూ ఆ పంచలో జరిగిన మాటలను మొదటినుంచి తల్చుకునేది. తల్చుకున్న కొద్దీ ఆ మాటలు అరిగిపోయినాయి. చివరికి ఎవరు ఏమన్నారో ఆమెకే తెలియకుండా పోయింది.

ఒకరోజు ఎవరికీ చెప్పకుండా పెద్దబావ ఇంటికి పోయి, వాకిట్లో నిలబడి, "చేను మీరే దున్నుకోండి బావా" అని చెప్పి వచ్చేసింది. నేను మార్కాపురం పోయి ప్లీడరును అడిగితే, కొడుకు తర్వాత తల్లికే హక్కు, ఎవరూ ఆమెను కదిలించలేరు అన్నాడు. ఆ మాట తెచ్చి చెప్పినాను. "కదిలించేదెవరు? నేనే పోతున్నాను గదా" అనింది. చట్టం ఇచ్చినదాన్ని మనిషి వద్దనుకుంటే చట్టం ఏమీ చెయ్యలేదు. అది నా పాఠాల పుస్తకంలో లేదు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. బావి చేనులో ఆయన మోట తోలుతుండగా పోయినాను. గట్టు మీద నిలబడి అడిగినాను.

"బావా, నీకు తెలుసు. ఆమె చెప్పింది నిజమని నీకు తెలుసు. చేను తీసుకో, వద్దనను. ఊళ్ళో నలుగురి ముందు ఒక్క మాట చెప్పు. ఆమె అబద్ధం చెప్పలేదని చెప్పు, చాలు."

ఎద్దులను ఆపి, తలపాగ తీసి ముఖం తుడుచుకున్నాడు. నా కళ్ళలోకి చూడలేదు.

"కోర్టు చెప్పింది నేను ఒప్పుకున్నానా లేదా? నోరెత్తకుండా ఒప్పుకున్నాను. దేవుడు చెప్పింది నువ్వు ఎందుకు ఒప్పుకోవు?"

"దేవుడు చెప్పినాడని నువ్వు నమ్ముతున్నావా?"

ఆయన తలపాగ మళ్ళీ చుట్టుకున్నాడు. ఎద్దులను అదిలించినాడు. మోట బావిలోకి దిగింది. నేను తిరిగి వచ్చేసినాను. తాను దావాలో రాయించింది అబద్ధమని తెలిసీ ఆయన రాత్రిళ్ళు ఎట్ల నిద్రపోతాడా అని అప్పట్లో అనుకునేవాణ్ణి. తర్వాత తర్వాత వేరుగా అనిపించింది. పిల్లవాడు పోవడంతో ఆయనకే అనుమానం వచ్చి ఉండవచ్చు. తనకు బాగా తెలిసిన నిజాన్ని, దేవుడే తన పక్షాన నిలిచి దాన్ని కాదన్నాడని సంతోషంగా మరిచిపోయి ఉండవచ్చు. మనిషికి లాభం వచ్చే చోట జ్ఞాపకం ఎట్లయినా వంగుతుంది.

అక్క గుడికి పోవడం మానేసింది. గుడి ముందునుంచి పోవలసి వస్తే చుట్టు తిరిగి పోయేది. దేవుని మీద కోపంతో కాదు. తాను పోదగిన మనిషి కాదని.

ఆ మరుసటి ఏడు బడికి ఇన్స్పెక్టరు వచ్చినాడు. మంచి మనిషే. పిల్లలను భయపెట్టకుండా అడిగేవాడు. పౌరధర్మాల దగ్గరికి వచ్చి, కోర్టు ఏం చేస్తుందో ఎవరు చెప్తారు అన్నాడు. ముందు వరసలో ఒక పిల్లవాడు లేచినాడు. చురుకైనవాడు, నేను చెప్పింది ఒక్కటీ మరిచేవాడు కాదు.

"సాక్ష్యాలు విని, రెండు పక్షాలూ తూచి, కోర్టు తీర్పు చెప్తుంది సార్."

"భేష్" అన్నాడు ఇన్స్పెక్టరు.

పిల్లవాడు కూర్చోలేదు. "ఆ తీర్పు తప్పయితే దేవుడు దిద్దుతాడు సార్" అన్నాడు.

ఇన్స్పెక్టరు నవ్వినాడు. "ఇది పుస్తకంలో ఎక్కడుంది రా? ఎవరు చెప్పినారు?"

"ఊళ్ళో అందరికీ తెలుసు సార్. మా అయ్యవారి అక్క..." అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆగిపోయినాడు. వాడు ఏ తప్పూ చెయ్యలేదని, కూర్చోమని చెప్పినాను. ఇన్స్పెక్టరు నావైపు, పిల్లలవైపు చూసి, ఏదో అర్థమైనట్టు పాఠం మార్చి లెక్కలు అడిగినాడు. పోతూపోతూ నా భుజం మీద ఒకసారి చేయి వేసినాడు.

ఆ సాయంత్రం బడి ఊడ్చిన తర్వాత చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఆ పిల్లలకు నేను ఏం నేర్పినాను, ఊరు ఏం నేర్పింది అని ఆలోచించినాను. నేను చెప్పింది వాళ్ళకు నోటికి వచ్చింది. ఊరు చెప్పింది వాళ్ళు కళ్ళారా చూసినారు. బదిలీ అడుగుదామనుకున్నాను. అక్కను తీసుకొని మా నాయన దగ్గరికి పోదామన్నాను. "వాడు ఈడనే ఉండాడు గదా" అనింది. ఇక అడగలేదు.

కొన్నేండ్లకు పెద్దబావ పోయినాడు. పక్షవాతం వచ్చి, నోరు పడిపోయి, కొన్నాళ్ళు మంచంలో ఉండి పోయినాడు. అప్పుడు ఊళ్ళో కొందరు మాట మార్చి, ఆ విధవరాలి ఉసురు తగిలింది అన్నారు. ఒకామె వచ్చి అక్కతోనే ఆ మాట అనింది, సంతోషపడుతుందని. "అట్ల అనొద్దు తల్లీ" అనింది అక్క. "రోగమొచ్చింది, పోయినాడు. అంతే." తన కొడుకు చావుకు మాత్రం ఆ మాట ఎప్పుడూ చెప్పుకోలేదు.

పెద్దబావ కర్మ అయిన తర్వాత ఒకరోజు పొద్దున ఆయన భార్య, అక్క తోటికోడలు, మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. నేను బడికి బయలుదేరుతున్నాను. ఆ ఇద్దరూ అన్నేండ్లుగా మాట్లాడుకోలేదు. అక్క పీట వేసింది. ఆమె కూర్చోలేదు.

"చెల్లీ, ఆయన ఉన్నన్నాళ్ళు నోరు తెరవలేకపోయినాను. పంపకం పొద్దు నీ పక్కనే గడప లోపల నేనూ ఉన్నాను. బావి చేను మీకే ఇచ్చినారు. ఆయనే స్వయంగా, తమ్ముడికి నీళ్ళున్నది పోనీలే అన్నాడు. నువ్వు కొండ మీద చెప్పింది నిజం. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు."

అక్క వాకిట్లో పొయ్యి ముందు కూర్చుంది. పొయ్యిలో కట్టె ఒకటి బయటికి జారితే లోపలికి తోసింది.

"చేను నీకు రాసిస్తాను. కావాలంటే ఊరందరి ముందు చెప్తాను" అనింది ఆమె, ఏడుస్తూ.

"చేను ఎవరి కోసం తీసుకోవాల?" అనింది అక్క. "ఊరికి చెప్పొద్దులే. చెప్తే వాళ్ళు మళ్ళీ ఇంకొకరి మీద పెడతారు."

తర్వాత అక్క తల ఎత్తి ఆమెను అడిగింది. దబాయించినట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు.

"అయితే వాడెందుకు పోయినాడక్కా?"

తోటికోడలు కొంగుతో ముఖం కప్పుకుంది. జ్వరమని చెప్పవచ్చు, క్వినైను లేదని చెప్పవచ్చు, వంక అడ్డం వచ్చిందని చెప్పవచ్చు. అవన్నీ ఆమెకు తెలిసినవే. ఇన్నాళ్ళూ వాడి చావుకు ఒక కారణం ఉందని నమ్మి, ఆ కారణం తానేనని నమ్మి, దాన్ని పట్టుకొని బతికింది. ఆ రోజు అది కూడా చేతిలోనుంచి జారిపోయింది. నిజం తెలిస్తే ఆమె బరువు దిగుతుందని నేను ఎన్నేండ్లో అనుకున్నాను. బరువు దిగింది. కాని దాని కింద ఉన్న గుంత అట్లనే ఉండింది.

తోటికోడలికి మజ్జిగ ఇచ్చి పంపింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి గోడకు ఆనుకొని కూర్చొని ఏడ్చింది. వంక ఒడ్డున కూడా ఆమె ఏడవలేదు. పూడ్చిన రోజూ ఏడవలేదు. అప్పట్లో ఆడవాళ్ళు అది కూడా తప్పు పట్టినారు. కొడుకును తన నోటితో చంపుకున్నదానికి ఏడ్చే హక్కు లేదని ఆమె అనుకుందని నాకు ఆ పొద్దుదాకా తెలియదు. అప్పుడే పోయిన పిల్లవాడికి ఏడ్చినట్టు, వాడి పేరు పెట్టి పిలుస్తూ, వాడు తిన్నవీ తిననివీ చెప్పుకుంటూ ఏడ్చింది.

నేను పక్కన కూర్చున్నాను. బడి వేళ దాటిపోయింది. పిల్లలు ఇంటిదాకా వచ్చి, తలుపు దగ్గర నిలబడి చూసి, ఒకరి తర్వాత ఒకరు మెల్లగా వెళ్ళిపోయినారు.